ఉపవాసం పట్టిన పొట్టేలు

ఏటా ఎండలు మొదలుకాగానే మా మందిరంలో కూలర్లకు కొత్త గడ్డి మెత్తలు వేస్తారు. వాటి మీద మొదటిసారి నీళ్లు పడ్డప్పుడు ఒక వాసన లేస్తుంది. అది పచ్చి గడ్డిదీ కాదు, ఎండు గడ్డిదీ కాదు. వానకు తడిసిన కొట్టంలో ఏదో జీవం అప్పటిదాకా పడుకొని ఇప్పుడే లేచిపోయినట్టుంటుంది. మిగతావాళ్లు ఆ చల్లగాలికి హాయిగా కళ్లు మూసుకొని ఆరాధనలో మునిగిపోతారు. నేను కళ్లు మూస్తే మాత్రం ప్రభువు కంటే ముందు ఒక నల్ల పొట్టేలు వచ్చి నిలబడుతుంది. భక్తికి ఇది తగిన పని కాదని నాకు తెలుసు. అయినా ఆ పొట్టేలు ఒక శ్రమల కాలమంతా మా సంఘంలో చాలామంది సభ్యులకంటే మంచి పేరు తెచ్చుకున్నది కనుక, దాన్ని మందిరంలోనుంచి వెళ్లగొట్టడానికి నాకు మనసొప్పదు.

అది డెబ్బయ్యవ దశకం మొదట్లో మాట. గోదావరిఖనిలో ఎండాకాలం పైనుంచీ వచ్చేది, కిందినుంచీ వచ్చేది. పైన సూర్యుడు తన పని తాను చేస్తుంటే, ప్రతి క్వార్టరు ముందు రాజుకునే బొగ్గు సిగిడీ, మేం బాయి అనే గని దగ్గర గుట్టలుగా పోసిన బొగ్గూ, నల్ల దుమ్ము కప్పుకున్న రోడ్డూ కలిసి ఆ వేడిని ఎటూ పోనీయకుండా పట్టుకునేవి. మా అమ్మ, అంటే అవ్వ, పొద్దున్నే కాచిన జొన్న అంబలిని ఉల్లిగడ్డ నంజుకొని తాగి, తాటిముంజల నీళ్లు అంగీల మీద కార్చుకొని, తునికిపండ్ల గింజలు ఎవరివి ఎంత దూరం పడతాయో ఊసి చూసుకొని, మధ్యాహ్నానికి ఇక కదలలేక గచ్చు మీద నీళ్లు చల్లుకొని, ఆ తడి ఆరేలోపు దాని మీద బోర్లా పడుకొని కచ్చకాయలాడేవాళ్లం. సైరన్ కూస్తే షిఫ్టు దిగినవాళ్లు కళ్లూ పళ్లూ తప్ప అంతా నల్లగా వచ్చేవారు. వాళ్లలో మా బాపును నేను నడకను బట్టి గుర్తుపట్టేదాన్ని.

బాపు బాయిలో టింబర్‌మ్యాన్. పైకప్పు కూలకుండా దాని కింద దుంగలు నిలబెట్టే పని. ఆ ఏడు క్రిస్మస్ దాటాక ఒక రోజు కప్పు కూలింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆయన వీపు వెనక పడి, బయటి దారి మూసుకుపోయింది. ఆ చీకట్లో, ఆ దుమ్ములో బాపు దేవుడికి ఒక మాట ఇచ్చాడు. నన్ను పైకి తీసుకుపోతే ఈస్టరు నాడు పొట్టేలును కోసి సంఘం మొత్తానికి అన్నం పెడతాను అన్నాడు. దేవుడు తన వంతు పని సాయంత్రానికల్లా పూర్తి చేశాడు. ఇక మిగిలింది బాపు వంతు.

బాపు మాటల మనిషి కాదు. మందిరంలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, రుమాలు తీసి ముఖమంతా తుడుచుకొని, "ప్రభువుకు స్తోత్రం" అని కూర్చునేవాడు. ఆ దుంగల కింద తనకేం జరిగిందో ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. కాబట్టి ఆ పొట్టేలే ఆయన సాక్ష్యం. దాన్ని సంఘం ముందు పెడితే చాలు, తాను నోరు తెరిచే అవసరం ఉండదని ఆయన ఆశ.

బసంత్‌నగర్ అవతలి ఊరిలో ఒక గొల్లాయన దగ్గరినుంచి పొట్టేలును తెచ్చాడు. నల్లగా, మందంగా, గొంగడి తానే నాలుగు కాళ్ల మీద నడిచి వచ్చినట్టుండేది. కొమ్ములు రెండు మెలికలు తిరిగి చెవుల పక్కకు వంగి ఉండేవి. అమ్మిన గొల్లాయన ఎండలు ముదిరేలోపే మందను తోలుకొని గోదావరి ఒడ్డు పట్టిపోయాడు. ఏమన్నా అడుగుదామంటే మళ్లీ వానలకు గాని దొరకడు. మా ఇంట్లో గొర్రెను సాకినవాళ్లు లేరు. బాపును కన్న తల్లి, మా బాపమ్మకు బర్రెలు తెలుసు, కోళ్లు తెలుసు. గొర్రెల సంగతి ఆమెకు తెలిసినదంతా లేఖనాల్లోనిదే. అక్కడ గొర్రెలు తప్పిపోతాయి, దొరుకుతాయి, పచ్చిక మీద పడుకుంటాయి. ఎండకు మేత మానేస్తాయని మాత్రం ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు.

తెచ్చిన కొత్తలో ఇంకా చలి పోలేదు. అప్పుడు పొట్టేలు పొద్దుందాకా తినేది. తవుడు తినేది, చొప్ప తినేది, బీరకాయ తొక్కలు తినేది, సంఘపెద్ద రత్నం కాక మమ్మల్ని చూడవచ్చి సంచి కింద పెడితే అందులోని కొత్తిమీర కట్ట తిని, ఇంకేమన్నా ఉందా అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది. రత్నం కాక బాయి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్ రూంలో పనిచేసేవాడు. నోరున్న మనిషి, మాంసం మీద ప్రేమ ఉన్న మనిషి. పొట్టేలు నడుం మీద చెయ్యి వేసి ఒత్తి చూసి, "తిననియ్యిరా శాంతయ్యా, తిననియ్యి. నా కొత్తిమీర యాడికి పోతది, ఈస్టరు నాడు నా దగ్గరికే వస్తది" అన్నాడు బాపుతో.

దానికి పేరు పెట్టొద్దని బాపమ్మ మాకు గట్టిగా చెప్పింది. పేరు పెడితే కూర గొంతు దిగదట.

అంతలో ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల దినాలు వచ్చాయి. సంఘంలో పెద్దవాళ్లంతా ఉపవాసం ఉండేవాళ్లు. పొద్దంతా ఏమీ ముట్టకుండా, మాపటి ప్రార్థన కూటం అయ్యాక ఒక్కపూట తినేవాళ్లు. తెల్లవారకముందే మందిరంలో ఒక ప్రార్థన, పొద్దుగూకే వేళ రోజుకొక ఇంట్లో ఒక కూటం. ఈ రెండు వేళల్లో మా వరుసలోని క్రైస్తవుల ఇండ్లన్నీ తాళాలు వేసి ఉండేవి. ఎండలు కూడా సరిగ్గా అప్పుడే ఎక్కాయి. పొట్టేలు కూడా సరిగ్గా అప్పుడే తినడం మానేసింది.

అవ్వ వంటా అంట్లూ ముగించుకొని పొద్దెక్కాక మేత వేసేది. పొట్టేలు ఒకసారి వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకునేది. మధ్యాహ్నం తవుడులో బెల్లం కలిపి పెడితే కన్నెత్తి చూడలేదు. నేను తడిపిన గోనెపట్టా దాని వీపు మీద కప్పితే కాసేపు నిలబడి, దాన్ని కింద పడేసి దాని మీద పడుకుంది. నీళ్లు మాత్రం బకెట్లకు బకెట్లు తాగేది. బాపు డ్యూటీ నుంచి రాగానే స్నానం కూడా చేయకుండా దాని పక్కన కూర్చుని నడుం తడిమి చూసేవాడు. నల్లటి పొట్టేలు మీద నల్లటి చెయ్యి. ఎవరిది ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం బాపమ్మ వరండాలో నులక మంచం మీద కూర్చుని వాక్యం చదువుకుంటున్నది. ఆమె పెద్దయ్యాక చదువు నేర్చుకున్నది, వాక్యం కోసమే నేర్చుకున్నది, అందుకని చూపుడువేలు అక్షరాల కింద నడిపిస్తూ వాడంతా వినేటట్టు చదివేది. పొట్టేలు వచ్చింది. మంచం పక్కన ఆగింది. ముందరి కాళ్లు రెండూ మడిచి, మోకాళ్ల మీద కూర్చుని, తల మంచం కిందికి పెట్టింది. అలాగే ఉండిపోయింది. డొక్కలు ఎగిరి పడుతున్నాయి. పెదవులు సన్నగా వణుకుతున్నాయి.

గొర్రెలు మందలో ఉంటే ఎండ వేళ ఒకదాని పొట్ట నీడలో ఇంకొకటి తల దాచుకుంటాయనీ, మందలేని ఈ ఒంటరి పొట్టేలుకు బాపమ్మ మంచమే మంద అనీ ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు అక్కడ ఎవరికీ తెలియదు. బాపమ్మ చదవడం ఆపి, వంగి, మంచం కిందికి చూసి, అట్లా వంగి ఉండగానే అవ్వను పిలిచింది.

"ఓ పిల్లా, జల్ది రా. జూడు. మోకరించింది."

"ఎండకు సొమ్మసిల్లిందేమో అత్తమ్మా."

"సొమ్మసిల్లినోళ్లు మోకాళ్ల మీద ఉంటరానే? పెదువులు జూడు. లోపల్లోపల ప్రార్థన జేస్తుంది. పొద్దంత తింటలేదు. నీళ్లే తాగుతుంది. ఇంకేంది మరి? ఉపవాసం పట్టింది."

మా ఇంట్లో బాపమ్మ ఒక మాట అన్నాక దాని మీద ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

ఒక్క చిక్కు మిగిలింది. పెట్టిన మేత అట్లాగే ఉంటే సరే. కానీ మాపటి కూటం నుంచి మేం తిరిగొచ్చేసరికి తొట్టి ఖాళీ అయ్యేది. ఇది పొట్టేలు తిన్నదేమో అని అనుమానపడే ధైర్యం మాలో ఎవరికీ లేదు. బాపమ్మకైతే ఆ ఆలోచనే రాలేదు. పక్క క్వార్టరులో జైనబీ అత్తకు ఒక మేక ఉండేది. నేరం నేరుగా దాని మీదికి పోయింది.

"జైనబీ, నీ మేకను కట్టేసుకో. మా ఉపవాసం పొట్టేలు మేతంత మింగుతుంది."

జైనబీ అత్త గోడ మీదినుంచి తల ఎత్తింది. "నా మేకనా? అల్లా కసమ్ పెద్దమ్మా, మగ్రిబ్ నమాజు యాళ్లకు, పొద్దుగూకంగనే అది ఇంట్ల కట్టేసి ఉంటది. మీ పొట్టేలే తింటదేమో. మేం గూడ రోజా ఉంటం, పొద్దుగూకినంక తింటం. అది గూడ గంతే."

"మా పొట్టేలు తురకల రోజా ఎందుకు పడతది? అది మా సంఘంల ఉన్నది."

"ఉండనియ్యిండ్రి. నా మేక ఏ సంఘంల లేదు, దాని పేరు మాత్రం తియ్యకుండ్రి."

ఈ తగువు రోజూ ఆ గోడ మీద నడిచేది. ఇద్దరూ ఒకరింటి సిగిడీలోంచి ఒకరు నిప్పు తీసుకుంటూనే తగువాడుకునేవారు.

సంగతి మందిరానికి చేరింది. మొదట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. తరువాత మధ్యాహ్నం కాగానే జనం రావడం మొదలుపెట్టారు. పొట్టేలు మాట తప్పలేదు. ఎండ నడినెత్తికి రాగానే మంచం దగ్గరికి వచ్చి, మోకాళ్లు వంచి, తల లోపలికి పెట్టేది. చూసినవాళ్లు చెప్పులు విడిచి నిలబడేవారు. పస్తున్నా పెద్దగా చిక్కలేదని ఒకరు గమనించారు. వెంటనే ఇంకొకరు, లేఖనంలో రాజు పెట్టిన భోజనం వద్దని పప్పుధాన్యాలతో బతికి కూడా కళగా ఉన్న యువకులను గుర్తు చేశారు. ఇక దాని మీద ఎవరికీ సందేహం లేకపోయింది.

అసలు విశేషం అది కాదు. అంతకుముందు ఏళ్లల్లో ఉపవాసమంటే బాయిమీద క్యాంటీన్ వెనక చాయ తాగి మూతి తుడుచుకొని వచ్చేవాళ్లు కొందరుండేవారు. ఆ ఏడు ఒక్కరూ ఆ పని చేయలేకపోయారు. రత్నం కాక తడారిపోయిన నాలుకతో బాపు ముందు మొత్తుకున్నాడు.

"శాంతయ్యా, క్యాంటీన్ల చాయ గిలాస చేతిల పట్టుకున్ననా, గా పొట్టేలు ముఖం యాదికొస్తది. గొర్రె ఉంటుంటే నేను ఉండకపోతే ఎట్ల? పొయ్యినేడు గింత కష్టం లేకుండె."

బాపమ్మ సంగతి ఇంకా కఠినం. ఆమెకు వయసు రీత్యా మధ్యాహ్నం ఇన్ని మజ్జిగ తాగొచ్చని మా మందిరం పాస్టరు అయ్యగారే సెలవిచ్చాడు. ఆమె గ్లాసు నోటిదాకా తెచ్చి, మంచం కిందికి చూసి, మళ్లీ కింద పెట్టేసేది. ఆ మజ్జిగ నాకొచ్చేది. అందువల్ల ఆ పొట్టేలు భక్తి మీద నాకు వ్యక్తిగతంగా ఎంతో గౌరవం ఉండేది.

ఇదంతా బాగానే ఉంది కానీ, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు బాపు, ఈస్టరు విందుకు వంటపాత్రలు ఎక్కడినుంచి తేవాలో మాట్లాడబోతే బాపమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"దేన్ని కోస్తవురా?"

"పొట్టేలునే అమ్మా. మొక్కిన గదా."

"ఉపవాసం ఉన్న జీవాన్ని కోస్తవా? మోకాళ్ల మీద ఉన్నదాని మెడ మీద కత్తి పెడతవా? నువ్వు నా కడుపుల పుట్టినోడివేనా?"

"దేవునికి మాటిచ్చిన అమ్మా. బాయిల. రాయి కింద. ఇంకో పొట్టేలును దెచ్చే తాకత్ నాకు లేదు. ఈస్టరు అట్లనే దాటిపోతే నేను మళ్ల బాయిల ఎట్ల దిగాలె? ఏ ముఖం పెట్టుకొని ఆ కప్పు కింద నిలబడాలె?"

బాపు అంత పొడుగు మాట మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం. బాపమ్మ కూడా బహుశా అదే మొదటిసారి. ఆమె కండ్లు తుడుచుకున్నది, కానీ మాట మార్చలేదు.

సంఘం రెండుగా చీలింది. కోయాలనేవాళ్లు కోయాలన్నారు, వాళ్ల నాయకుడు రత్నం కాక. కోస్తే సంఘానికి మంచిది కాదనేవాళ్లు బాపమ్మ చుట్టూ చేరారు. రెండు పక్షాలవాళ్లూ ఆకలితో ఉన్నారు కనుక తగువు తొందరగా రాజుకునేది. అయ్యగారు పెద్దమనిషి, మెత్తని మనిషి, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడే మనిషి. రెండు పక్షాలూ తన మీదికి వస్తే, "శుభ శుక్రవారపు ఆరాధన ముగిసిన పిమ్మట ప్రభువు ఏది బయలుపరిస్తే అది చేద్దాం" అని తప్పించుకున్నాడు. ప్రభువు అంత వివరంగా బయలుపరుస్తాడని పాపం ఆయన అనుకోలేదు.

శుభ శుక్రవారం, అంటే గుడ్‌ఫ్రైడే, వచ్చింది. మందిరం రేకుల షెడ్డు కనుక లోపల కూర్చుంటే ఉడికిపోతామని పక్క మైదానంలో పందిరి వేశారు. పైన వేపకొమ్మలు, చుట్టూ జొన్న చొప్ప కట్టలు నిలబెట్టి దడి. మిట్టమధ్యాహ్నం నుంచి మూడు దాకా సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగాలు చేయాలి. బాపమ్మ పొట్టేలును తీసుకొచ్చింది. అయ్యగారు ఆమె ముఖం చూసి, బల్ల జరిపి దానికి చోటు చేశాడు. దాన్ని మా ముందున్న బల్లకు కట్టి, తాడు కొస నా కాలి కింద పెట్టారు. వచ్చిన వెంటనే అది ఆ బల్ల పక్కన మోకరించి, తల బల్ల కిందికి పెట్టింది. ఆడవాళ్లలో ఒక నిట్టూర్పు లేచింది.

మూడో మాట అయ్యేదాకా గాలి లేదు. నాలుగో మాట దగ్గర గోదావరి వైపు ఆకాశం నల్లబడింది. సిలువ నాడు మధ్యాహ్నం చీకటి కమ్మిందని ప్రసంగం చేస్తున్నాయన చెబుతుండగానే నిజంగా చీకటి కమ్మింది. ఒళ్లు గగుర్పొడిచి కొందరు ఏడ్చారు. ఆ వెంటనే దుమారం, దాని వెనక నాలుగు వడగండ్లు, వాటి వెనక వెన్ను జలదరించేంత చల్లటి గాలి. పందిరి ఊగింది కానీ నిలిచింది. ఎవరూ లేవలేదు. ఐదో మాట, దాహం మాట, రత్నం కాకది. ఆయన లేచి, ఎండిన పెదవులు తడుపుకొని, దప్పిక గురించి, ఆకలి గురించి, తాను నిజంగా అనుభవించినవాడు చెప్పినట్టు మెల్లగా మొదలుపెట్టాడు. జనం ఊపిరి బిగబట్టి విన్నారు.

ఆ నిశ్శబ్దంలో కరకరమని చప్పుడు.

పొట్టేలు లేచి నిలబడింది. ఒళ్లు దులుపుకున్నది. పందిరి దడిలోంచి ఒక చొప్ప కట్టను లాగి, నిదానంగా, ఎంతో శ్రద్ధగా నమలసాగింది. నేను తాడు లాగాను. అది నన్నూ బల్లనూ కలిపి లాక్కొని రెండో కట్ట దగ్గరికి పోయింది. రత్నం కాక ఆకలి అన్నాడు, కరకర. దప్పిక అన్నాడు, కరకర. పొద్దున్నుంచి పచ్చి నీళ్లు ముట్టని సంఘమంతా, కండ్లు మూసుకోవాల్సిన వేళ, ఒక్క పొట్టేలు నోటి వైపు చూస్తూ గుటకలు మింగింది. చివరికి రత్నం కాక ప్రసంగం ఆపేసి, "ఇగ నాతోని గాదు అయ్యగారూ, దాన్నన్న ఆపుండ్రి, నన్నన్న కూసోనియ్యుండ్రి" అన్నాడు.

అప్పటికి దడికి పెద్ద కంత పడ్డది. ఆ కంతలోంచి జైనబీ అత్త తల కనిపించింది. ఆరేసిన బట్టలు తెచ్చుకోవడానికి పరుగెత్తుతూ చప్పుడుకు ఆగినట్టుంది. చంకలో బట్టలు, తల మీద వాన చినుకులు. ఆమె పొట్టేలును చూసింది, బాపమ్మను చూసింది. అది మాకెంత పెద్ద దినమో ఆమెకు తెలుసు, అందుకని గొంతు తగ్గించే అన్నది.

"పెద్దమ్మా, నా మేక ఇంట్ల ఉన్నది. వచ్చి చూసుకో."

బాపమ్మ తల వంచుకున్నది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నదనుకున్నాను. వంగి చూస్తే కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతున్నది. ఆమె నవ్వు చూసి అవ్వ, అవ్వను చూసి వెనక వరస, చివరికి అయ్యగారు కూడా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మిగిలిన రెండు మాటలూ ఎట్లాగో భయభక్తులతో ముగించాం.

ఆరాధన అయ్యాక అయ్యగారు మమ్మల్ని కూర్చోబెట్టాడు. లేఖనంలో ఒకామె తన ప్రియుణ్ణి, మధ్యాహ్నం వేళ నీ మందను ఎక్కడ పడుకోబెడతావని అడుగుతుందట. "దీని మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! మంద అంటే సంఘమన్నాను, మధ్యాహ్నమంటే శోధన అన్నాను. మధ్యాహ్నం గొర్రె మేయదు, పడుకుంటుంది అని ఆ మాటలోనే ఉంది. ఒక్కసారైనా చూశానా?" అన్నాడు.

"అయితే అది ఉపవాసం లేదా అయ్యగారూ?" అన్నది బాపమ్మ.

"లేదమ్మా. దానికి ఉడకపోసింది. చల్లపూట తిన్నది, మనం కూటాల్లో ఉన్నప్పుడు. కానీ దాన్ని చూసి మనం ఉన్నాం. అది అబద్ధం కాదు కదా."

బాపమ్మ లేచి, పందిరి గుంజ దగ్గర ఉన్న బాపు దగ్గరికి పోయి, పొట్టేలు తాడు ఆయన చేతిలో పెట్టింది. "నీ మొక్కు తీర్చుకో కొడుకా" అన్నది.

ఈస్టరు నాడు వాడంతా తినాలని జైనబీ అత్త భర్తతోనే పొట్టేలును హలాల్ చేయించాడు బాపు. నేను ఆ వైపు పోలేదు. పేరు పెట్టకపోయినా కూర గొంతు దిగడానికి కొంచెం సమయం పట్టింది. బగారా అన్నం, కూర, దాల్చా. మైదానంలో వరసగా విస్తర్లు. అందరికంటే ముందు విస్తరి జైనబీ అత్తది. బాపమ్మ తన చేత్తో వడ్డించి, "మేకకు గింత చొప్ప గూడ పంపిస్త" అన్నది. రత్నం కాక మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని, కండ్లు మూసుకొని, "ఇగో, నా కొత్తిమీర" అన్నాడు. బాపు కూర్చోలేదు. ప్రతి విస్తరి దగ్గరా వంగి తానే వడ్డించాడు. అయ్యగారు సాక్ష్యం చెప్పమంటే, గరిటె పట్టుకొనే నిలబడి, రుమాలు కోసం వెతికి, అది దొరకక, మొట్టమొదటిసారి ముఖం తుడుచుకోకుండా మాట్లాడాడు.

"నేను పైకొచ్చిన" అన్నాడు. ఆ మాటతోనే తరువాతి విస్తరి మీదికి వంగాడు. మర్నాడు మొదటి షిఫ్టుకు బాయి దిగాడు.

ఆ మైదానం ఇప్పుడు లేదు. భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని దాన్నీ, ఆ క్వార్టర్ల వరసనూ, గొల్లలు మందలు తోలుకుపోయే బాటనూ లోపలికి తీసుకుంది. సిగిడీలు లేవు, కూలే కప్పు కింద దుంగ నిలబెట్టేవాళ్లు లేరు, ఆ నులక మంచం నేసేవాళ్లు లేరు. బాపమ్మా బాపూ ప్రభువు దగ్గర ఉన్నారు. జొన్న చొప్ప దడి కట్టి పందిరి వేద్దామంటే చొప్ప ఎక్కడ దొరుకుతుందో కూడా ఎవరికీ తెలియదు. మందిరం పెద్ద హాలయింది, గోడగోడకూ కూలరు.

నేను ఇప్పటికీ శ్రమల కాలమంతా ఉపవాసం ఉంటాను. మునుపు ఎండ ఆకలిని చంపి మనకు సాయం చేసేదని ఈ మధ్యే నాకు అర్థమవుతున్నది. మొన్నటి శుభ శుక్రవారం, ఆ గడ్డి వాసన చల్లగా వీస్తుండగా, మూడో మాటకే నా కడుపు కరకరమన్నది. పక్కన రత్నం కాక మునిమనవడు నా కొంగు లాగాడు.

"అమ్మమ్మా, ఆకలైతుంది."

"చల్లగున్నది గదా బిడ్డా" అన్నాను, "అయితది."